మంచు బరమా, మా బావగారి గుండె

మోకాళ్ల నొప్పులకు ఏ నూనె రాయాలి, షుగరున్నవాళ్లు మామిడిపండు తినవచ్చునా, ఇటువంటి ప్రశ్నలకు జవాబు చెప్పడం నాకు అలవాటే. కాని ముప్ఫై ఏళ్ల పైబడిన నా సర్వీసులో ఒక పనిముట్టు కొనే విషయం నన్ను అడిగినవాళ్లు లేరు. 2025 జనవరిలో మా అక్కయ్య అడిగింది. అడగటమంటే సలహా కోసం కాదు. "తమ్ముడూ, నువ్వు చెబితే మీ బావ వింటారు. ఆ బరమా కొనవద్దని గట్టిగా చెప్పు" అన్నది.

బరమా అంటే పాఠకులకు వడ్రంగి చేతిలో చెక్కకు బెజ్జం వేసే సాధనం గుర్తుకు వస్తుంది. ఇది దానికి పెద్దన్న. అక్కయ్యవాళ్లుండేది అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో. అక్కడి కార్ల నంబరు పలకల మీద "పదివేల సరస్సులు" అని రాసి ఉంటుంది. శీతకాలంలో ఆ సరస్సుల పైభాగమంతా గడ్డకట్టుకుపోతుంది. జనం దానిమీద నడిచివెళ్లి, బరమాతో మంచుగడ్డకు రంధ్రం చేసి, అందులోంచి గాలం వదిలి చేపలు పడతారు. చిన్న గుడారం, కూర్చోడానికి ఒక బాల్చీ, ఫ్లాస్కులో కాఫీ ఉంటే చాలు, పూట గడిచిపోతుంది.

బావగారు ఇంజనీరు. 1979లో పై చదువుకు వెళ్లి అక్కడే ఉండిపోయారు. వెళ్లిన కొత్తల్లో పక్కింటి ముసలాయన నేర్పాడట ఈ విద్య. ఇప్పుడు ఆయనకు 71 ఏళ్లు. 2021లో గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. షుగరు కొంచెం ఉన్నది. కుడి భుజం ఒకప్పుడు పట్టేసి, మళ్లీ వదిలింది. కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగి, సీసా మూత తీయాలన్నా మెలితిరుగుతారు. ఇదీ మనిషి. ఇక ఆయన పాత బరమా సంగతి చెప్పాలి.

నేను, మా ఆవిడ సెలవు మీద వెళ్లిన మూడోనాటి ఉదయం బావగారు నన్ను సరస్సు మీదికి తీసుకువెళ్లారు. సున్నాకు దిగువన 18 డిగ్రీలు. సెల్సియస్ లెక్కలోనే సుమా. ముక్కులో తడి గడ్డకట్టినట్లు తెలుస్తున్నది. ఆయన బరమా పెట్రోలుతో నడిచేది, పది అంగుళాల రంధ్రం వేసేది, 33 పౌన్లు, అనగా 15 కిలోలు. మన వంటింట్లో ఖాళీ అయిన గ్యాస్ సిలిండరు బరువు సుమారు అంతే. దాన్ని చక్రాలు లేని జారుడుబండి మీద లాక్కుంటూ పోయాం. వెనకటికి పల్లెల్లో కిరసనాయిలు పంపుసెట్టును తాడుతో లాగి స్టార్టు చేసేవాళ్లు గదా, దీన్నీ అలాగే లాగాలి. చలికి ఇంజను మొండికేసింది. ఎనిమిదోసారో తొమ్మిదోసారో లాగి బావగారు ఆగిపోయారు. చెయ్యి రొమ్ము మధ్యకు పోయింది.

"ఏమిటి బావగారూ?" అన్నాను.

"ఏం లేదోయ్ డాక్టరూ. పొద్దున తిన్న పెసరట్టు. గ్యాస్" అన్నారు.

ఈ గ్యాస్ అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆస్పత్రిలో ఎంతమంది దగ్గర విన్నానో! శ్రమ చేస్తుంటే వచ్చి, రెండు నిమిషాలు నిలబడితే పోయే బరువును గ్యాస్ అనకండి. చలిలో వస్తే అసలే అనకండి. బాల్చీ బోర్లించి కూర్చోబెట్టాను. రెండు మూడు నిమిషాల్లో తగ్గింది. నాలుక కింద పెట్టుకునే మాత్ర ఆయన కోటులో ఉన్నది గాని, ఆ కోటు కారులో ఉన్నది! ఆ పూట చేపలు లేవు, ఏమీ లేవు. సామాను సర్దించి తిరుగుముఖం పట్టించాను. జారుడుబండి నేనే లాగాను. నా యాభై ఆరేళ్ల నడుము సంగతి ఇక్కడ అప్రస్తుతం.

మర్నాడు అక్కడి గుండె డాక్టరుగారు చూశారు. పరీక్షలన్నీ చేశారు. స్టెంటు బాగానే ఉన్నది, వేరే చిన్న శాఖలో కొంత ఇరుకు ఉన్నదని, మందులతో చూద్దామని చెప్పారు. నడక మానవద్దన్నారు. చలిలో చేతులతో హఠాత్తుగా బరువు పని చేయవద్దన్నారు.

ఈ చివరి మాట కొంచెం విడమరచి చెప్పాలి. చలిగాలి ముఖానికి తగలగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపు పోటు పెరుగుతుంది, గుండె ఎక్కువ ఒత్తిడికి ఎదురు పనిచేయాలి. కొందరిలో గుండెకు రక్తం తెచ్చే నాళాలు కూడా కొంత బిగుసుకుంటాయి. దీనికి చేతుల శ్రమ తోడైతే ఇంకా చేటు. అదే పని కాళ్లతో చేసినప్పటికంటె చేతులతో చేసినప్పుడు నాడి, రక్తపు పోటు ఎక్కువ పెరుగుతాయి. పైగా బరువెత్తేటప్పుడు మనిషి తెలియకుండానే ఊపిరి బిగబడతాడు. చలిదేశాల్లో వాకిట్లో మంచు పారతో ఎత్తిపోసేటప్పుడు గుండెపోటు వచ్చేది ఈ కారణాలన్నీ కలిసే. బరమా పని దానికి తోబుట్టువు.

అక్కయ్య మాట వినడం నాకు సులువు. మానేయండి అంటే డాక్టరు పని అయిపోతుంది. కాని మా నాన్నగారి విషయంలో నేను ఆ పని ఒకసారి చేశాను. 1998లో ఆయనకు గుండెనొప్పి కనిపించినప్పుడు, నాకు డిగ్రీ కొత్త, భయమూ కొత్త. సైకిలు మీద పొలం వెళ్లడం మాన్పించాను. సైకిలును అటక మీద పెట్టించాను కూడా. రెండేళ్లలో ఆయన కాళ్లలో కండ కరిగిపోయింది. వసారాలో పడక్కుర్చీలోంచి లేవడానికి ఒకరు చెయ్యి ఇవ్వవలసి వచ్చేది. గుండె బాగానే ఉన్నది, మనిషే లేడు. అక్కయ్య అప్పుడు అమెరికాలో ఉన్నది, ఇదంతా చూడలేదు. ఆ రాత్రి కూర్చోబెట్టి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "సరే, పెట్రోలుది మాత్రం వద్దు" అన్నది చివరికి.

కొత్తది కొనాలని బావగారూ అనుకుంటూనే ఉన్నారు. ఆయన చూపు మాత్రం మరో పది అంగుళాల దానిమీదే. ఇక్కడ ఆయన ఇంజనీరింగునే ఆయన మీదికి ప్రయోగించాను. కాగితం మీద లెక్క వేయమన్నాను. మంచుగడ్డ మందం అడుగున్నర అనుకుందాం. ఆరంగుళాల రంధ్రం వేయాలంటే తొలిచి పైకి తీయవలసిన మంచు సుమారు 7.5 కిలోలు. ఎనిమిది అంగుళాలకు 13.5 కిలోలు. పది అంగుళాలకు 21 కిలోలు! అడ్డు కొలత కొంచెం పెరిగితే పని ఎంతో పెరుగుతుంది. "అక్కడ పెద్ద చేపలుంటాయోయ్" అన్నారు. ఆయన ఎక్కువగా పట్టేది క్రాపీ, పెర్చ్, అప్పుడప్పుడు వాలై. వీటిలో చాలావాటికి ఆరంగుళాల రంధ్రం చాలునని ఆయనే ఒప్పుకున్నారు. పైక్ అనే పెద్దచేప పడితే? "పడితే కదా" అన్నది అక్కయ్య వంటింట్లోంచి.

దుకాణానికి వెళ్లాం. గోడ పొడుగునా బరమాలే. బావగారు ధర చూస్తున్నారు, నేను బరువు చూస్తున్నాను. అట్టపెట్టె మీద రాసిన బరువును నమ్మకూడదని అక్కడే తెలిసింది. కొన్నిటి మీద బ్యాటరీ బరువు కలపరు.

మొదట చేతితో తిప్పేవి చూశాం. ఆరంగుళాలది మూడు కిలోలు ఉంటుందేమో, పువ్వులాగా ఉన్నది. వయసు మళ్లినవాళ్లకు ఇదే మేలని ఎవరైనా అనుకుంటారు. నేనూ అనుకున్నాను. తిప్పే కదలిక చేసి చూడమన్నాను. ఒక చెయ్యి పైన అదిమిపట్టి ఉండాలి, రెండోది గుండ్రంగా తిప్పాలి, అదీ రొమ్ము ఎత్తున. సీజను మొదట్లో నాలుగైదు అంగుళాల గడ్డకు ఫరవాలేదు. అడుగున్నర గడ్డ మీద అయితే అది చేతులతో చేసే పరుగు. బరువు తక్కువైనంత మాత్రాన శ్రమ తక్కువ కాదు. గుండె బాగున్న మనిషికి అది మంచి వ్యాయామమే గాని, బావగారికి కాదు. పట్టేసిన భుజం ఉన్నవాళ్లకు అసలే కాదు.

తరువాత బ్యాటరీతో నడిచే పూర్తి యంత్రాలు. రెండు చేతులతో పట్టుకునే పిడులు, తాడు లాగే పని లేదు, పొగ లేదు, మీట నొక్కితే తిరుగుతుంది. ఎనిమిది అంగుళాలవి సుమారు ఏడు నుంచి పది కిలోల దాకా ఉన్నాయి. పెట్రోలు దానితో పోలిస్తే స్వర్గమే. కాని నేల మీద నిలబెట్టి ఎత్తడం వేరు, నీళ్లలోంచి ఎత్తడం వేరు. రంధ్రం తెగిన తరువాత బరమాను పైకి లాగితే, దాని మెలికల నిండా తడిమంచు ముద్దగా వస్తుంది. వంగి, చేతులు చాచి, జారే నేలమీద ఆ బరువు ఎత్తాలి. నడుము పట్టేది అప్పుడే.

మూడోది అమరింపు రకం. ఇళ్లలో గోడకు బెజ్జం వేసే కరెంటు డ్రిల్లు ఉంటుందే, అటువంటి బ్యాటరీ డ్రిల్లుకే పలుచని బరమా తగిలిస్తారు. బరమా రెండు రెండున్నర కిలోలు, డ్రిల్లు బ్యాటరీతో కలిపి ఇంచుమించు అంతే. మొత్తం అయిదు కిలోల లోపు. బావగారికి నేను ఎంచినది ఇదే. అయితే దీనికొక దుర్గుణం ఉన్నది, అది అమ్మేవాడు చెప్పడు. మంచుగడ్డ అడుగు తెగబోయే క్షణంలో అంచు పట్టుకుని బరమా ఠక్కున ఆగిపోతుంది. అప్పుడు బరమా బదులు డ్రిల్లు తిరుగుతుంది, డ్రిల్లుతోపాటు మణికట్టూ తిరుగుతుంది. ఎముకలు పలచబడిన వయసులో అది బెణుకుతో పోతుందన్న హామీ లేదు. కనుక ఒంటిచేతి పిస్తోలు పట్టు పనికిరాదు. పక్కపిడి తప్పనిసరి. అంతకంటె మేలు, డ్రిల్లును బిగించి రెండు చేతులతో పట్టుకునే చట్రం విడిగా అమ్ముతారు. అరకిలో బరువు పెరిగినా సరే, అది తీసుకోమన్నాను. బొటనవేలి కీలు అరిగినవాళ్లకు అది వరం. ఇరుక్కుంటే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉన్న డ్రిల్లులూ ఉన్నాయి. అటువంటిదే దొరికింది. సుత్తిలా కొట్టే మీట ఉంటే దాన్ని ఆపి వాడాలి. డ్రిల్లు నుంచి బరమా ఊడితే నీళ్లపాలు కాకుండా పైన అడ్డంగా ఒక బిళ్ల ఉంటుంది, అదీ చూసుకోవాలి.

దుకాణంలో ఆయన చేత పదిసార్లు ఎత్తించి దించాను. సామాను అమ్మే కుర్రవాడు వింతగా చూస్తుండగానే నాడి పట్టుకున్నాను. అంతలో గుర్తుకు వచ్చింది, ఆయన వాడే మాత్రల్లో ఒకటి నాడిని పెరగనివ్వదు. మన దేశంలోనూ గుండెజబ్బువాళ్లు, బి.పి. వాళ్లు ఎందరో ఈ మాత్రలు వాడుతున్నారు. చేతి గడియారంలో నాడి అంకె తక్కువుందని వాళ్లు ధీమా పడకూడదు. అంతకంటె మాట మంచి కొలబద్ద. పని చేస్తూ మాట తెగకుండా రెండు వాక్యాలు చెప్పగలిగితే ఆ శ్రమ ఓర్చుకోగలిగినదే. మాట మధ్యలో ఊపిరి అందుకోవలసి వస్తే ఆపాలి. బావగారు పదోసారి ఎత్తుతూ ఆ కుర్రవాడికి నా గురించి ఏదో చెప్పి నవ్వించారు. పరీక్ష ప్యాసైనట్టే!

అంచు పదును గురించి ఒక మాట. పదునున్న బరమా తనంతట తానే మంచులోకి దిగుతుంది. మీద పడి నొక్కవలసి వస్తున్నదంటే అంచు మొద్దుబారిందని అర్థం. ఇసుక, మట్టి తగిలితే తొందరగా పాడవుతుంది. పాత అంచుతో లాగించడం పొదుపు కాదు, ఆ తేడా గుండె భరించాలి. పదునెంతో వేలితో చూడవద్దు. స్టెంటు వేసినవాళ్లు సాధారణంగా రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతుంటారు. మామూలు మనిషికి చిన్న గాటు అయితే వాళ్లకు చాలాసేపు కారే గాటు. అంచుకు తొడుగు వేయకుండా బరమాను బండి మీద పడేయకూడదు. రక్తాన్ని ఆపడానికి శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమిపట్టాలి, మధ్యలో తీసి చూడకూడదు.

బ్యాటరీకి కూడా చలి పడదు, సగం పనికే సత్తువ ఉడిగిపోతుంది. దాన్ని కోటు లోపలి జేబులో ఒంటికి ఆనించి తీసుకువెళ్లి, అప్పుడు తగిలించమన్నాను. ఆ జేబులోనే నాలుక కింది మాత్ర కూడా. ఈసారి కోటు కారులో వదలరు గదా! మాత్ర వేసుకుని కూర్చున్నాక అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే ఇక ఆలోచన లేదు, అక్కడైతే 911కు, ఇక్కడైతే 108కి ఫోను చేయాలి.

ఎన్ని రంధ్రాలు? ఇది అసలు ప్రశ్న. కుర్రవాళ్లు చేపల్ని వెతుక్కుంటూ సరస్సంతా జల్లెడ చేస్తారు. మిన్నెసోటాలో మంచు మీద ఒక్కొక్కరికి రెండు గాలాలు అనుమతిస్తారు. రెండు గాలాలకు రెండు రంధ్రాలు. అంతే రాసిచ్చాను, మందుచీటీ మీద రాసినట్లే. మొదటిది వేశాక పది నిమిషాలు కూర్చుని రెండోది. కడుపు నిండా తిన్న గంటలోపల వద్దు. మెడగుడ్డ నోటికి, ముక్కుకు చుట్టుకోవాలి. సారాయి చుక్క వెచ్చదనం ఇస్తుందని అక్కడి వాళ్లూ అంటారు, మనవాళ్లూ అంటారు. అది చర్మాన్ని వెచ్చబరచి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. షుగరుతో కాళ్లకు స్పర్శ తగ్గినవాళ్లు ఇంటికి రాగానే మేజోళ్లు విప్పి వేళ్లు చూసుకోవాలి. వేలు చచ్చుబడుతున్నా వాళ్లకు తెలియదు.

నిజానికి ఆ సరదాలో బరమాకంటె గుండెను ఎక్కువ అలయించేది జారుడుబండి. కొత్తమంచులో అది ఎద్దుల్లేని బండి. చేత్తో వెనక్కి పట్టుకుని లాగకుండా నడుముకు పట్టీ కట్టుకుని లాగాలి, సామాను సగానికి తగ్గించాలి. రెండో కుర్చీ ఎందుకండీ?

మంచు గట్టితనం మాట మరిచిపోకూడదు. కొత్తగా గట్టిపడి, అద్దంలా కనిపించే గడ్డ కనీసం నాలుగు అంగుళాలు ఉంటేనే మనిషి నడవాలని ఆ రాష్ట్రపు అధికారులు చెబుతారు. తెల్లటి మంచుగడ్డ బలంలో దానికి సగమే. 2023 డిసెంబరు 29న అప్పర్ రెడ్ లేక్ అనే సరస్సు మీద గడ్డ విడిపోయి, నూరుమందికి పైగా చేపలు పట్టేవాళ్లు నీళ్ల మధ్య చిక్కుకున్నారు. అందరినీ రక్షించారు. తేలికైన బరమా వల్ల ఇక్కడొక లాభం ఉన్నది. బరువైన దానితో వెళ్లినవాడు దారిలో ఆగి మందం చూడటానికి బద్ధకిస్తాడు, తేలికదానితో నాలుగడుగులకొకసారి చూస్తాడు. ఒక్కరే వెళ్లకూడదన్నది నా చివరి షరతు. బూట్ల కింద ముళ్లపట్టీలు వేసుకోవాలన్నది కూడా, ఎందుకంటే తుంటి ఎముక విరగడానికి గడ్డ పగలనక్కరలేదు.

మన ఊళ్లలోంచి తల్లిదండ్రులు ఎందరో శీతకాలంలో పిల్లల దగ్గరికి వెళుతున్నారు. అల్లుడో మనుమడో ఉత్సాహంగా బరమా చేతికిస్తే, పుచ్చుకునే ముందు ఈ సంగతులు గుర్తుంచుకోండి. అక్కడ పదహారేళ్లు దాటినవాళ్లు చేపలు పట్టాలంటే మామూలుగా లైసెన్సు కూడా తీసుకోవాలి సుమండీ.

నేను తిరిగి వచ్చి డ్యూటీలో చేరిన రెండు వారాలకు అక్కయ్య ఫోను చేసింది. బావగారు ఆ ఉదయం ఎదురింటాయనతో కలిసి వెళ్లారట. రెండు రంధ్రాలు వేశారట, మూడోది వేయబోతే ఎదురింటాయన నా చీటీ చూపించాడట. నొప్పి రాలేదు. ఏడు పెర్చ్ చేపలు పడ్డాయి.

"పులుసు పెట్టావా?" అన్నాను.

"పెట్టాను. ఉప్పు తగ్గించాను, నువ్వు మళ్లీ దానికొక వ్యాసం రాయక్కరలేదు" అన్నది.